కొత్త కంప్యూటర్‌లో మనం అడగని సరుకు

(వేల్పూర్‌లో జరిగిన సొసైటీ వార్షిక సభలో, విద్యార్థులకు లాప్‌టాప్‌ల పంపిణీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. చదువుకుంటే బాగుపడతారని ఈ సభలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అందుకని ఈ రోజు మీ చేతుల్లోకి వస్తున్న వస్తువు గురించే మాట్లాడతాను. పెట్టె మీద ఇంకా టేపు కూడా ఊడదీయలేదు. లోపల కొత్త లాప్‌టాప్ ఉంది. దానితో పాటు మీరు అడగని సరుకు కూడా కొంత ఉంది. ఆ సరుకు ఏమిటి, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, దాన్ని ఏం చేయాలి అన్నదే నా విషయం.

ఈ సరుకుకు ఇంగ్లీషులో బ్లోట్‌వేర్ అని పేరు. ఉబ్బిపోయిన సాఫ్ట్‌వేర్ అని అర్థం చెప్పుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే, కిరాయికి ఇల్లు తీసుకుని పూర్తి కిరాయి కట్టి తాళం తీసి చూస్తే, ఒక గదిలో వేరేవాళ్ళ సామాను ఉన్నట్టు. ఇంకో గదిలో ఎవరో వ్యాపారి తన దుకాణం పెట్టుకుని కూర్చున్నట్టు. మనం ఇంటికి వచ్చిపోయినప్పుడల్లా ఆయన పలకరించి, ఇది కొంటారా, అది కొంటారా అని అడుగుతుంటాడు. అతన్ని మనం పిలవలేదు. అయినా ఖాళీ చేయించే పని మన మీదే పడుతుంది.

కొత్త లాప్‌టాప్ తెరవగానే ఏమేం కనిపిస్తాయో మీలో వాడినవారికి తెలుసు. నెల రోజులో, కొంచెం ఎక్కువో పనిచేసి ఆ తర్వాత డబ్బు అడిగే యాంటీవైరస్. కొన్నాళ్ళకు ఆగిపోయే ఆఫీస్ ట్రయల్. ఆటలు. ఎవరో షాపింగ్ కంపెనీ గుర్తు. సినిమాల యాప్. తయారీ కంపెనీ తరఫున ‘మీ కంప్యూటర్‌ను వేగవంతం చేస్తాం’ అనే ఒక సహాయకుడు. ఇవన్నీ కంప్యూటర్ ఆన్ చేయగానే తామూ లేచి కూర్చుంటాయి.

ఇవి ఎందుకు వస్తాయి? కారణం సూటిగానే ఉంది. చవక రకం కంప్యూటర్ల మీద తయారీదారుకు మిగిలేది తక్కువ. సాఫ్ట్‌వేర్ కంపెనీలేమో కొత్త గిరాకీ కోసం వెతుకుతుంటాయి. మా సరుకును మీ మిషన్లలో పెట్టి పంపండి, ఒక్కొక్క మిషన్‌కు ఇంత ఇస్తాం, లేదా గిరాకీ డబ్బు కడితే అందులో మీకు వాటా ఇస్తాం అని ఒప్పందం చేసుకుంటాయి. అంటే లాప్‌టాప్‌ను మనకు ఒకసారి అమ్ముతున్నారు, మన కళ్ళను వేరేవాళ్ళకు ఇంకోసారి అమ్ముతున్నారు. మొదటి అమ్మకానికి బిల్లు ఉంటుంది. రెండవ దానికి ఉండదు.

‘దానివల్లే కదా ధర తగ్గుతోంది, మనకే లాభం కదా’ అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. ధర కొంత తగ్గుతుందేమో. అయితే ఎంత తగ్గిందో, దానికి బదులు మనం ఏమి ఇస్తున్నామో చెప్పి, ఒప్పుకుంటారా అని అడిగితే అది బేరం. చెప్పకుండా చేస్తే అది బేరం కాదు.

ఇక నష్టం ఎంతో చూద్దాం. మొదటిది జాగా. విండోస్ 11 నడవాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. చవక లాప్‌టాప్‌లలో కొన్ని సరిగ్గా ఆ కనీసంతోనే వస్తాయి. విండోస్ ఆక్రమించగా మిగిలిన జాగాలో ఈ పిలవని చుట్టాలు కూర్చుంటే పిల్లవాడి పాఠాలకు, ప్రాజెక్టులకు చోటేది? రెండవది వేగం. డబ్బున్న ఇంటి పిల్లవాడి మిషన్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటుంది, నాలుగు పనికిరాని ప్రోగ్రాములు నడిచినా అతనికి తెలియను కూడా తెలియదు. మన పిల్లల 4 జీబీ మిషన్ మాత్రం నాలుగు రోజులకే మొండికేస్తుంది. అంటే ఈ సరుకు అందరి మీదా ఒకేలా పడినట్టు కనిపించినా బరువు మోసేది పేదవాడే. మూడవది భయం. దాన్ని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మా బడిలో చదివి, ఇప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చేస్తున్న ఒక అమ్మాయి ఉంది. గల్ఫ్‌లో పనిచేసే మేనమామ సెలవుల్లో వస్తూ ఒక లాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. ఇల్లంతా సంతోషించింది. కొన్నాళ్ళకు స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలతో హెచ్చరిక రావడం మొదలైంది. మీ రక్షణ గడువు ముగిసింది, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే డబ్బు కట్టండి అని. పరీక్షలు దగ్గరికి వస్తున్నాయి. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. చిట్టీ కోసం దాచిన పైసలు తీసి కట్టించింది. ఏడాది తిరిగేసరికి ఎవరూ ఏమీ నొక్కకుండానే ఖాతాలోంచి మళ్ళీ పైసలు పోయాయి. ఆ అమ్మాయి వచ్చి, ‘సార్, అమ్మీ బీడీల పైసలు సార్. నేను ఏం తప్పు చేసిన?’ అని అడిగింది.

ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. కట్టాల్సిన అవసరమే లేని డబ్బు అది. విండోస్‌లోనే డిఫెండర్ అనే రక్షణ ఉంటుంది. దానికి వేరే డబ్బు లేదు. ట్రయల్ యాంటీవైరస్ ఉన్నంతకాలం అది పక్కకు తప్పుకుంటుంది. ఆ ట్రయల్‌ను తీసేస్తే తనంతట తానే పనిలోకి వస్తుంది. ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే ఆ తల్లి చిట్టీ పైసలు చిట్టీలోనే ఉండేవి. ఇక్కడున్న తల్లులు నా ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు, ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకు చెప్పినవి చిన్న నష్టాలు. పెద్ద నష్టం కూడా జరిగింది. అది లోకమంతా తెలిసిన కథ. 2014లో లెనోవో కంపెనీ తన లాప్‌టాప్‌లలో కొన్ని రకాలకు సూపర్‌ఫిష్ అనే కంపెనీ తయారు చేసిన ప్రోగ్రాం పెట్టి అమ్మింది. మీరు ఇంటర్నెట్‌లో ఏదైనా వస్తువు చూస్తే, అలాంటి వస్తువుల ప్రకటనలు ఆ పేజీలోకి చొప్పించడం దాని పని. అయితే బ్యాంకుల వంటి భద్రమైన పేజీల్లోకి బయటివాళ్ళు చొరబడకుండా తాళం ఉంటుంది. ఈ బ్యాంకు నిజమైన బ్యాంకే అని చెప్పడానికి ఒక ముద్ర ఉంటుంది, మన రిజిస్ట్రేషన్ కాగితం మీద సర్కారు ముద్ర ఉన్నట్టు. ప్రకటనల కోసం ఆ తాళం దాటడానికి సూపర్‌ఫిష్ తన సొంత ముద్ర ఒకటి చేసుకుని, ఇది కూడా అసలు ముద్రే, నమ్ము అని కంప్యూటర్‌కు చెప్పి పెట్టింది. అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒకే ముద్ర, ఒకే తాళంచెవి. 2015 ఫిబ్రవరిలో భద్రతా నిపుణులు ఆ తాళంచెవిని బయటికి తీసి చూపించారు. ఆ చెవి దొరికినవాడు, ఒకే వైఫైలో కూర్చుని మీకు దొంగ బ్యాంకు పేజీ చూపించినా, మీ లాప్‌టాప్ అది అసలుదే అని నమ్ముతుంది.

ఆలోచించండి. దొంగ బయటి నుంచి రాలేదు. కొత్త ఇల్లు కట్టిన మేస్త్రీయే గోడకు కన్నం పెట్టి తాళాలు అప్పగించినట్టయింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 32 రాష్ట్రాలు కేసు వేశాయి. 2017 సెప్టెంబరులో రాజీ కుదిరింది. రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టడానికి, ఇక మీద అలాంటి ప్రోగ్రాములు పెట్టాలంటే ముందుగా వినియోగదారుడి ఒప్పుదల తీసుకోవడానికి, 20 ఏళ్ళ పాటు భద్రతా తనిఖీలకు లోబడి ఉండడానికి కంపెనీ అంగీకరించింది. అదే 2015 నవంబరులో డెల్ లాప్‌టాప్‌లలోనూ దాదాపు ఇలాంటి ముద్రే ఒకటి బయటపడింది. ఆ కంపెనీ క్షమాపణ చెప్పి, తీసివేసే మార్గం ఇచ్చింది. ఈ కంపెనీల మిషన్లు కొనవద్దని నేను అనడం లేదు. ఇప్పుడు పంచుతున్నవి కూడా ఏదో ఒక పెద్ద కంపెనీవే. పేరున్న కంపెనీ కాబట్టి లోపల ఉన్నదంతా మన మేలు కోరేదే అని అనుకోవద్దని మాత్రం అంటున్నాను.

మన ఊళ్ళలో ఈ సమస్యకు ఇంకో రూపం కూడా ఉంది. విండోస్ లేకుండా వచ్చే లాప్‌టాప్‌లు కొంత చవక. దుకాణాల్లో వాటిని ‘డాస్ పీస్’ అంటారు. కొన్నాక దుకాణంలోని అబ్బాయి ఒక పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, తెలుగు డీటీపీ, ఉర్దూ డీటీపీ అన్నీ వేసి ఇస్తాడు. కొన్నవారికి సంతోషం, వేల రూపాయల సరుకు ఉచితంగా వచ్చిందని. దాన్ని నడిపించడానికి లోపల ఒక క్రాక్ ఉంటుంది. ఆ క్రాక్ నడవాలంటే ముందుగా డిఫెండర్‌ను ఆపేయాలి. కాపలావాణ్ణి బయటికి పంపి, ఎవరు రాసిందో తెలియని ప్రోగ్రామ్‌కు ఇంటి తాళాలు ఇచ్చినట్టే. ఆ తర్వాత బ్రౌజర్ తెరిస్తే ఏవేవో పేజీలు, తీసినా పోని ప్రకటనలు. దుకాణం అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి అదే నేర్పారు. కానీ ఇది కూడా మనం అడగని సరుకే. పైగా ఒకరి శ్రమను చెల్లించకుండా వాడుకోవడం మన దీన్‌లో ఎలా చూస్తారో వేదికపై ఉన్న పెద్దలను అడిగితే చెబుతారు.

పేదవాడు మరి ఏం చేయాలి అంటే, దానికి హలాల్ మార్గం ఉంది. లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ఉంది, తెలుగులో కూడా దొరుకుతుంది. డిగ్రీ పిల్లల ఉత్తరాలకు, లెక్కల పట్టికలకు, ప్రజెంటేషన్లకు అది చాలు. తెలుగు, ఉర్దూ టైపు చేయడానికి విండోస్‌లోనే కీబోర్డులు ఉన్నాయి, బయట నుంచి ఏదీ వేయనక్కరలేదు. విండోస్ వద్దనుకుంటే ఉబుంటు వంటి లినక్స్ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ అనే సంస్థ ఉబుంటు మీద తమ పాఠాలకు తగ్గట్టు తయారు చేసిన వ్యవస్థనే పిల్లలు వాడుతున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ భారతీయ భాషల కోసం బాస్ లినక్స్ తయారు చేసింది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి, తెలుగులో కంప్యూటర్ గురించి పనిచేస్తోంది.

ఫోన్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఎందుకంటే మన ఇళ్ళలో చాలామందికి కంప్యూటర్ అంటే ఫోనే. ఫోన్‌లో ముందే వచ్చిన యాప్‌లలో కొన్నింటిని తీయడానికి కూడా వీలుండదు. మీరు పట్టుకుంటే ‘డిసేబుల్’ అనే వస్తుంది, ‘అన్‌ఇన్‌స్టాల్’ రాదు. ఈ విషయం మీద మన దేశంలోనే ఒక పెద్ద కేసు నడిచింది. ఉమర్ జావీద్, సుకర్మా థాపర్, ఆఖిబ్ జావీద్ అనే ముగ్గురు 2018లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు గూగుల్ మీద ఫిర్యాదు చేశారు. 2022 అక్టోబరు 20న కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ తయారీదారుల మీద తన యాప్‌ల మూటను మొత్తంగా రుద్దవద్దని, ముందే వచ్చిన తన యాప్‌లను వాడేవాళ్ళు తీసేసుకోవడానికి అడ్డు చెప్పవద్దని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది గానీ, కొన్ని ఆదేశాలను పక్కన పెట్టింది. తీసేసుకునే హక్కు గురించిన ఆదేశం కూడా అలా పక్కన పెట్టినవాటిలో ఉంది. గెలుపు సగమే. అయినా ముగ్గురు మామూలు మనుషులు కాగితం రాసి ఇస్తే అంత పెద్ద కంపెనీ జవాబు చెప్పాల్సి వచ్చింది. మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. ఐరోపాలో 2024 మార్చి నుంచి అమలవుతున్న చట్టం వల్ల అక్కడివారు విండోస్‌లోంచి ఎడ్జ్ బ్రౌజర్‌ను కూడా తీసేసుకోగలరు. ఇక్కడి మిషన్‌లో ఆ మీట కనిపించదు. అంటే ఇది యంత్రం చేయలేని పని కాదు, అడిగే చట్టం ఉందా లేదా అన్నదే తేడా.

పక్క తెలుగు రాష్ట్రంలో జరిగిన ఒక పని కూడా ఆలోచించదగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు పంచింది. వాటిలో బైజూస్ కంపెనీ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. ఇంటర్నెట్ లేని ఇంట్లో కూడా పాఠం వినవచ్చు, అది మంచి విషయమే. పిల్లలు చూడకూడనివి చూడకుండా ట్యాబ్‌కు హద్దులు కూడా పెట్టారు. ముందే నింపి ఇవ్వడం ప్రతిసారీ చెడ్డది కాదు అనడానికి ఇది ఉదాహరణ. అయితే 2024 జూలైలో ఆ కంపెనీ మీదే దివాలా ప్రక్రియ మొదలైంది. ఇచ్చేవాళ్ళు లోపల ఏది నింపినా, దాన్ని తయారు చేసినవాళ్ళ కష్టసుఖాలు రేపు పిల్లవాడి మీద పడతాయి. అందుకే నింపేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది పిల్లవాడి మేలుకా, ఇంకొకరి గిరాకీకా? రేపు పిల్లవాడు వద్దనుకుంటే తీసేసుకోగలడా?

ఇప్పుడు మన సొసైటీ సంగతికి వస్తాను. ఈ లాప్‌టాప్‌లు కొన్న పైసల్లో జకాత్ ఉంది, సదఖా ఉంది. గల్ఫ్‌లో ఎండలో పనిచేసే మన పిల్లలు పంపినవి ఉన్నాయి. నేను ఆలిమ్‌ను కాను, బడిపంతులును. కాని చిన్నప్పటి నుంచి పెద్దల దగ్గర విన్న ఒక మాట చెబుతాను. హనఫీ ఫిఖ్‌లో జకాత్ చెల్లాలంటే తమ్లీక్ ఉండాలంటారు. అంటే ఇచ్చినదాన్ని పుచ్చుకున్నవాడి పూర్తి సొంతం చేయాలి. దాని మీద ఇచ్చినవాడి పట్టు మిగలకూడదు. నేను ఫత్వా చెప్పడం లేదు. జకాత్ చెల్లిందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. ఆ నియమం వెనక ఉన్న ఆలోచన ఎంత గొప్పదో చూడమంటున్నాను. పేదవాడికి వస్తువు ఒక్కటే ఇస్తే సరిపోదు, దాని మీద పూర్తి అధికారం కూడా ఇవ్వాలి. మరి మనం ఇచ్చిన లాప్‌టాప్‌లో మన పట్టు లేకపోయినా, ముక్కూ మొహం తెలియని పది కంపెనీల పట్టు మిగిలి ఉంటే ఆ ఆలోచనకు మనం పూర్తి న్యాయం చేసినట్టేనా?

ఇంకొకటి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి చూసిన సంగతి మనందరికీ తెలుసు. పైన పొడి గింజలు, లోపల తడి గింజలు. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అలాంటప్పుడు తడిసినదాన్ని పైన పెట్టి ఉండాల్సింది, కొనేవాడు చూసుకునేవాడు కదా అని ప్రవక్త అడిగారు. తడి ఉండడం తప్పు అనలేదు, దాచడం తప్పు అన్నారు. మన నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొనేవాడు బస్తా పైన చూసి ఊరుకోడు. చెయ్యి లోపలికి పెట్టి కొమ్ము తీసి విరిచి చూస్తాడు. పసుపు బస్తాలో పెట్టే చెయ్యి లాప్‌టాప్‌లో ఎందుకు పెట్టకూడదు?

ఎలా పెట్టాలో చెబుతాను. పిల్లలు కాగితం, పెన్ను తీసుకోండి.

మొదటిది కొనేటప్పుడు. దుకాణంలో నాలుగు ప్రశ్నలు అడగండి. విండోస్ అసలుదేనా? ఆఫీస్ పూర్తిదా, ట్రయలా? యాంటీవైరస్ ఎన్నాళ్ళది? ర్యామ్, నిల్వ ఎంత? జవాబులు బిల్లు మీద రాయించుకోండి. వీలైతే 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి తగ్గకుండా చూడండి.

రెండవది మొదటిసారి ఆన్ చేసినప్పుడు. వరసగా ప్రశ్నల పేజీలు వస్తాయి. తొందరలో అన్నిటికీ ‘యాక్సెప్ట్’ కొట్టుకుంటూ పోవద్దు. ఉచిత ట్రయల్ ఇస్తాం అన్నచోట ‘స్కిప్’, ‘నో థ్యాంక్స్’ అనే చిన్న అక్షరాలు ఎక్కడో ఓ మూల ఉంటాయి. వెతికి నొక్కండి. ఏ ట్రయల్ కోసమూ కార్డు నెంబరు గానీ యూపీఐ గానీ ఇవ్వవద్దు.

మూడవది ఏరివేత. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరవండి. పేర్లన్నీ నోటుబుక్‌లో రాసుకోండి. ట్రయల్ యాంటీవైరస్, ఆటలు, షాపింగ్ గుర్తులు, కూపన్లు తీసేయండి. మిషన్ రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ పని చేస్తోందో లేదో చూసుకోండి. ఈ చివరి పని మరిచిపోకూడదు.

నాలుగవది, తీయకూడనివి. ఇంటెల్, ఏఎండీ, రియల్‌టెక్ వంటి పేర్లతో ఉన్నవి సౌండుకు, వైఫైకి, స్క్రీన్‌కు సంబంధించినవి. వాటిని ముట్టుకోవద్దు. తయారీ కంపెనీ అప్‌డేట్ ప్రోగ్రామ్‌ను కూడా ఉంచండి. పేరు చూసి అర్థం కానిదాన్ని తీసేముందు తెలిసినవాళ్ళను అడగండి. పొలంలో కలుపు తీసేవాళ్ళకు మొక్క ఏదో కలుపు ఏదో తెలిసి ఉండాలి.

ఐదవది, స్టార్టప్. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అని ఉంటుంది. ఆన్ చేయగానే లేచే ప్రోగ్రాముల జాబితా అది. అక్కరలేనివాటిని ‘డిసేబుల్’ చేయండి. 4 జీబీ మిషన్‌కు దీనివల్ల ఎంత ఊపిరి వస్తుందో మీరే చూస్తారు.

ఆరవది, ఇంకా శుభ్రంగా కావాలంటే. లోపల ఉన్న ‘రీసెట్’ వాడితే తయారీ కంపెనీ పెట్టిన సరుకు చాలాసార్లు మళ్ళీ తిరిగి వస్తుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దింపి, కొత్తగా వేసుకోవచ్చు. విండోస్‌తో కొన్న మిషన్ అయితే లైసెన్సు మిషన్‌లోనే ఉంటుంది, మళ్ళీ డబ్బు కట్టనక్కరలేదు. అయితే ఇది తెలిసినవాళ్ళ సమక్షంలో, మీ ఫైళ్ళు వేరేచోట దాచుకున్నాకే చేయాలి.

ఏడవది, ఇప్పటికే డబ్బు పోతూ ఉంటే. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట ఎవరికి అనుమతి ఇచ్చారో కనిపిస్తుంది, రద్దు చేసుకోవచ్చు. ఇలా తనంతట తాను జరిగే కోతకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆ సందేశాలు చదవకుండా చెరిపేయవద్దు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్స్’ను, అంటే స్క్రీన్ మీద చేసే మోసపు ఎత్తుగడలను నిషేధించింది. చందా ఉచ్చు, దొంగ వైరస్ భయం, పదే పదే విసిగించడం అందులో ఉన్నాయి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల నెంబరు 1915. నిజామాబాద్‌లో జిల్లా కమిషన్ ఉంది. మన హక్కులు అడిగితేనే బతికి ఉంటాయి.

ఇక సొసైటీ పెద్దలకు నా విన్నపం. ఇది సలహా మాత్రమే, నిర్ణయం మీది. వచ్చే ఏడాది నుంచి లాప్‌టాప్‌లు కొనేటప్పుడు, ట్రయల్ సరుకు లేకుండా శుభ్రంగా ఇవ్వాలని కొటేషన్‌లోనే ఒక షరతు రాయండి. ఒక్క మిషన్ కొనేవాడి మాట దుకాణదారు వినకపోవచ్చు, కలిపి కొనేవాడి మాట వింటాడు. రెండవది, పంపిణీకి ముందు ఒక ఆదివారం పెట్టుకుందాం. కంప్యూటర్ తెలిసిన మన డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు కూర్చుని ఒక్కొక్క మిషన్ ఏరి, లిబ్రే ఆఫీస్ వేసి, తెలుగు, ఉర్దూ కీబోర్డులు పెట్టి ఇవ్వాలి. ఆ పని లాప్‌టాప్ పుచ్చుకోబోయే విద్యార్థి పక్కన కూర్చోగా జరగాలి. వాళ్ళు లేకుండా మనం శుభ్రం చేసి ఇస్తే, మళ్ళీ ఇంకొకరు వాళ్ళ కోసం నిర్ణయించినట్టే అవుతుంది. మూడవది, ఉర్దూలో, తెలుగులో ఒక పేజీ కాగితం ప్రతి పెట్టెలో పెట్టాలి. దాని మీద పెద్ద అక్షరాలతో మొదటి వాక్యం ఇలా ఉండాలి: ‘ఎర్ర హెచ్చరిక చూసి డబ్బు కట్టవద్దు. ముందు అడగండి.’

‘ఇంత చిన్న విషయానికి ఇంత హడావిడి ఎందుకు’ అని కొందరికి అనిపించవచ్చు. వేల్పూర్ వాళ్ళు మాత్రం ఆ మాట అనలేరని నా నమ్మకం. 2001లో ఈ మండలంలో ఏం జరిగిందో ఇక్కడి పెద్దలకు కళ్ళారా తెలుసు. ఆ రోజుల్లో బడిలో ఉండాల్సిన పిల్లలు పనుల్లో ఉండేవారు. పిల్లవాడు చూడడానికి తల్లిదండ్రుల దగ్గరే ఉండేవాడు, కాని అతని మీద అప్పు ఇచ్చినవాడి హక్కు ఉండేది. ఇల్లిల్లూ తిరిగారు. అప్పులు వదులుకోవడానికి యజమానులను ఒప్పించారు. సర్పంచులు, ఊరి పెద్దలు తామే బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 2న వేల్పూర్ బాల కార్మికులు లేని మండలమని ప్రకటించారు. పిల్లవాణ్ణి బడికి పంపండి అని చెప్పి ఊరుకుంటే అది జరిగేది కాదు. అతని మీద ఉన్న ఇతరుల హక్కును ముందు తెంచారు కాబట్టి జరిగింది.

ఆ బరువు, ఈ బరువు ఒకటే అని నేను అనను. ఒక ట్రయల్ యాంటీవైరస్‌ను వెట్టితో పోల్చడం ఆ పిల్లల కష్టాన్ని చులకన చేయడమే అవుతుంది. పద్ధతి మాత్రం ఒకటే. పిల్లల చేతికి ఏదైనా ఇచ్చేటప్పుడు, దాని మీద ఇంకా ఎవరి పట్టు ఉందో చూసి, తెంచి ఇవ్వాలి. ఈ ఊరు అది ఒకసారి చేసి చూపించింది.

పిల్లలారా, ఈ లాప్‌టాప్ మీది. మీ అమ్మీ, అబ్బా పేరు మీద మీకు వచ్చిన అమానత్. ఇంటికి వెళ్ళాక పెట్టె విప్పండి, బిస్మిల్లా అని ఆన్ చేయండి, పేర్లు రాసుకోండి, అక్కరలేనివి తీసేయండి. వచ్చే సభలో మీలో ఒకరు ఇక్కడ నిలబడి, ఇంకొకరి లాప్‌టాప్ శుభ్రం చేశానని చెబితే నాకు అదే చాలు.

అల్లాహ్ దాతల దానాన్ని స్వీకరించుగాక. మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.